హౌ సేట్ అన్నవాళ్లకూ, వద్దు సేట్ అన్నవాడికీ

నిర్మల్ జిల్లా భైంసా పట్టణ నివాసి, కీర్తిశేషులు నాగయ్య గారి కుమారుడు, పత్తి జిన్నింగు మిల్లు యజమాని, అరవై ఆరేళ్ల ఆకుల్వార్ అంబదాస్ అనే నేను, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. తెలివి సంగతి వకీలు తిరుమల రెండుసార్లు అడిగింది. ఎల్లుండి హైదరాబాదులో కోత పెట్టేది గుండెకు, బుర్రకు కాదమ్మా అని చెప్పాను. ఇంతకు ముందు రాసిన వీలునామాలన్నీ రద్దు. వాటిలో ఆస్తి ఉంది గానీ అసలు సంగతి లేదు.

1. ఇల్లు, బంగారం, బాసర రోడ్డు మీది చేను, కింద చెప్పకుండా మిగిలినదంతా నా భార్య బాలలక్ష్మికి. కొండగట్టు అంజన్నకు నేను మొక్కిన మొక్కు ఒకటి తీరలేదు. దాన్ని ఆమె నెత్తిన వేసుకోనక్కరలేదు. బతికొస్తే నేనే మెట్లెక్కుతాను, లేకపోతే ఆయనా నేనూ పైన చూసుకుంటాం.

2. మిల్లు నా కొడుకు సాగర్‌కు, కూతురు నవతకు చెరి సగం. పెద్ద కుర్చీ సాగర్‌ది, నాలుగో అంశంలోని షరతులకు లోబడి.

సాగర్ కోపగించుకోవద్దు. రెండేళ్ల కిందట ఏదో శిక్షణకు పోయివచ్చి, ఆఫీసు గోడకు రంగురంగుల చీటీలు అంటించడానికి పూనుకున్నాడు. "బాపూ, ఎవలకు తోచింది వాళ్లు రాయాలె, ఫికర్ చెయ్యొద్దు" అన్నాడు. ముచ్చటేసింది. అయితే మొదటి చీటీ నా చేతికే ఇచ్చాడు, పిచ్చి నాయన! పత్తి బండ్లు గేటు ముందర రెండేసి రోజులు నిలబడుతున్నాయన్నది అప్పటి బాధ. "ఇంకో తూకం కాంటా పెట్టాలి" అని రాశాను. తర్వాత వచ్చిన పదకొండు చీటీల్లోనూ కాంటాయే. నవత ఒక్కతే చీటీ రాయలేదు. "అందరు ఒక్కనాడే ఎందుకు రావాలె బాపు? ఊరికో రోజు చెప్తే సరిపోదా?" అంది. నోరు మూసుకోమన్నాను. నెల తర్వాత గత్యంతరం లేక అదే చేస్తే గేటు ముందర వరుస పోయింది. వ్యాపారుల సభలో ఆ ఆలోచన నాదేనని చెప్పి శాలువా కప్పించుకున్నాను. ఆ శాలువా నవతకు.

3. ఇది ఒప్పుకోలు. దీన్ని తిరుమల వద్దన్నా రాయించాను.

2011 ఫిబ్రవరి తొమ్మిదిన, మధ్యాహ్నం, ఇనుప పట్టీలు బిగించిన ఒక పత్తి బేలులోంచి కమురు వాసన వచ్చింది. నిప్పురవ్వ బేలు లోపల పడితే మంట కనిపించకుండా రోజుల తరబడి రగులుతుంది. పట్టీ కోస్తే గాలి తగిలి ఒక్కసారే పైకి లేస్తుంది. పత్తిలో పుట్టి పెరిగినవాళ్లందరికీ తెలిసిన సంగతే, నాకూ తెలుసు. కానీ బయట లారీ నిలబడి ఉంది. "కోసి చూడుండ్రి, నిప్పుంటే నీళ్లు పోద్దాం" అన్నాను.

బేళ్లు బిగించే ప్రెస్సు మిస్త్రీ చాంద్‌పాషా అడ్డం వచ్చాడు. "వద్దు సేట్, జర ఆగు. దీన్ని మైదాన్ల పడేద్దాం, నాలుగు దినాలు ఎవలు ముట్టొద్దు" అన్నాడు. నేను మిగిలినవాళ్ల దిక్కు తిరిగి ఏమంటరని అడిగాను. ఎనిమిది మంది ఉన్నారు. ముందు నా బావమరిది గోపాల్ "హౌ బావా, కోద్దాం" అన్నాడు. ఇక వరుసగా అందరూ ఔనంటూ హౌ సేట్, హౌ సేట్. మా దగ్గర అంతే, సేట్ నోరు తెరిచాక ఇంకో మాట పుట్టదు. సలహా అడిగింది నేనే, అడిగే ముందే జవాబు చెప్పిందీ నేనే. అందులో నాకు అప్పుడు తప్పేమీ కనిపించలేదు.

నేను మాటవరసకైనా అడగని హమాలీ అంతయ్య పట్టీ కోశాడు. మూడోనాడు దవాఖానాలో ప్రాణం పోయింది.

విచారణకు వచ్చినవాళ్లు కోయమన్నది ఎవరని అడిగారు. చాంద్‌పాషా అని చెప్పాను. ఎనిమిది మందీ మళ్లీ హౌ అన్నారు. అతడు ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. మిల్లులోంచి తీసేశాను. పద్నాలుగేళ్లుగా బస్టాండు దగ్గర కిరాయి కొట్టులో మోటార్లకు వైండింగు చేసుకుంటున్నాడు. అంతయ్య భార్య దేవవ్వ అతడు ఎదురైతే ఉమ్మేస్తుంది. నా కళ్లతో చూశాను, ఒక్కసారి కాదు. చూసి కారు అద్దం ఎక్కించుకున్నాను.

కోయమన్నది నేను. చాంద్‌పాషా వద్దన్నాడు. ఇంత చిన్న మాట చెప్పడానికి పద్నాలుగేళ్లు పట్టిన నా బతుకు మీద మన్ను పడ. బావమరిది గోపాల్‌కు ఈ వీలునామాలో ఏమీ లేదు. ఎందుకని అడిగే మొహం అతడికి ఉండదు.

4. మిల్లులో ఏ పెద్ద నిర్ణయమైనా కుర్చీలో ఉన్నవాడు అందరికంటే చివర మాట్లాడాలి. ఎవరి చెయ్యి ఆ పనిలో పడుతుందో వాళ్లు మొదట మాట్లాడాలి, హమాలీ అయినా సరే. ప్రతి సభలో ఒకరు వద్దనడానికే కూర్చోవాలి. మొదటి ఏడాది నవత, తర్వాత వంతు మారాలి, ఎందుకంటే ఎప్పుడూ ఒక్కరే వద్దంటుంటే జనం వినడం మానేస్తారు. వద్దన్న మాటకు జవాబు దొరికాకే పని ముందుకు పోవాలి. ఒక్కరూ వద్దనకపోతే ఆ రోజుకు నిర్ణయం లేదు, లేచి ఇంటికి పోండి. లారీ నిలబడితే నిలబడనీ.

సాగర్ ఈ షరతు మూడుసార్లు తప్పితే కుర్చీ నవతకు పోతుంది. ఇది కోర్టులో నిలుస్తుందో లేదో అని తిరుమల తల గోక్కుంటోంది. కోర్టులో నిలవకపోయినా నువ్వు నిలబెట్టు కొడకా, అంతయ్య మొహం నువ్వూ చూసినవాడివే.

5. అద్దాల బీరువాలోని నిర్మల్ కొయ్య సీతాఫలం నవతకు. మూడేళ్లప్పుడు నిజం పండనుకుని కొరికి ఏడ్చింది. పంటి గాటు ఇంకా ఉంది. దానికి రంగు వేయించవద్దు.

6. బస్టాండు దగ్గరి నా రెండు మడిగెల్లో ఒక దుకాణం చాంద్‌పాషాకు, రెండోది దేవవ్వకు.

పై దానిలో చాంద్‌పాషా పేరు కొట్టివేయబడినది. కారణం ఇది. నిన్న అతడి కొట్టుకు పోయి మూడో అంశం చదివి వినిపించాను. రాగి తీగ చేతిలో అట్లాగే పట్టుకుని విన్నాడు. "నువ్వు సచ్చినంక చెప్తవా సేట్? గప్పుడు దేవవ్వ ఎవల మొకం మీద ఉమ్మాలె?" అన్నాడు. నేను మడిగె సంగతి, సాక్షి సంతకం సంగతి ఎత్తాను. వీలునామాలో ఏదైనా పొందేవాళ్లు సాక్షులుగా ఉంటే రేపు పేచీ వస్తుందని వెంట వచ్చిన తిరుమల చెప్పింది. "అయితే మడిగె వద్దు, సాక్షి సంతకం గావాలె. గా కాయితం మీద నా పేరుండాలె. దేవవ్వ ఇంటికి నడువు, ఆమె ముంగటనే పెడ్త" అన్నాడు.

7. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత తిరుమలది. మూడో అంశం నకలు రేపు పొద్దున మిల్లు గేటుకు అంటించాలి, ఒకటి ఠాణాలో ఇవ్వాలి. నేను ఆపరేషన్ బల్ల మీంచి లేచినా లేవకపోయినా దీన్ని ఆపడానికి వీల్లేదు. జైలైతే జైలు.

2025 నవంబరు 18, మంగళవారం సాయంత్రం, భైంసాలో దేవవ్వ ఇంటి గడప దగ్గర, సాక్షులిద్దరి ఎదుట సంతకం చేశాను.

(సంతకం) ఆకుల్వార్ అంబదాస్

సాక్షులు:

1. (సంతకం) చాంద్‌పాషా, మోటారు వైండింగ్ మిస్త్రీ. సంతకం కింద స్వహస్తంతో: "నేను వద్దన్న."

2. (ఎడమ బొటనవేలి ముద్ర) దేవవ్వ, కీ.శే. అంతయ్య భార్య.

రాసినది: తిరుమల, వకీలు. దేవవ్వకు మొత్తం చదివి వినిపించాను. విని ఆమె లేచి చాంద్‌పాషా కాళ్ల మీద పడబోతే అతడు రెండు చేతులూ పట్టి ఆపాడు. వేలిముద్ర వేసే ముందు ఆమె అన్న మాట మీద ఆరో అంశంలో ఆమె పేరు కూడా కొట్టేసి, ఆ మాటను ఆమె కోరిన ప్రకారం ఉన్నదున్నట్టు రాశాను: "నా మడిగె గూడ కొట్టెయ్. నా మొగణ్ణి సంపింది నువ్వేనని రాసిన కాయితం గాబట్టి ఏలిముద్ర ఏస్తున్న. గేటుకు అంటిస్తే సదివేటోళ్లు ఎంతమంది? నువ్వు బతికి రావాలె సేట్. వచ్చి గా గేటు కాడ నిలబడి, నీ నోటితోని అందరికి చెప్పాలె."