నీళ్ళు కలపని లెక్క

అక్కా,

పాఠం మధ్యలో బడి నుంచి ఎందుకు వచ్చేశావని అడిగావు. ఫోనులో చెప్పలేక ఇలా రాస్తున్నాను.

మా చిన్నోడు పోయేముందు దారానికి కట్టి పెంచిన మైలుతుత్తం, అదే కాపర్ సల్ఫేట్, స్ఫటికం నువ్వూ చూశావుగా. నిన్న దాన్నే క్లాసులో తూచాను. ఇరవై ఐదు గ్రాములుంది. అందులో కణాలెన్నో చెప్పాలంటే మోలు బరువుతో భాగించి, అవొగాడ్రో సంఖ్యతో గుణించాలి. స్ఫటికంలో దాగిన నీళ్ళ బరువునూ మోలు బరువులో కలపాలి. మరిచిపోతే కణాలు ఉన్నవాటికన్నా ఎక్కువ వస్తాయి. వాడిదెప్పుడూ అదే తప్పు. "నీళ్ళేవిరా?" అంటే, "నువ్వే తాగేశావమ్మా" అనేవాడు.

నిన్న బోర్డు మీద ఆ తప్పు నేను చేశాను. వెనక బెంచీ అమ్మాయి లేచి, "టీచర్, నీళ్ళు కలపలేదండీ" అంది. డస్టరు చేతిలోకి తీసుకున్నాను గానీ, చెరపకుండానే బల్ల మీద పెట్టేశాను. అలాగే బయటికి వచ్చేశాను.

హెడ్మాస్టరు గారు కొన్నాళ్ళు సెలవు పెట్టమన్నారు. నాకు మతి చలించిందని నువ్వు బెంగపడకు. లెక్క రాక కాదక్కా. దిద్దితే కణాలు మూడో వంతుకు పైగా తగ్గిపోతాయి. వాడు మిగిల్చి వెళ్ళిందే అంత, అందులోంచి నా చేత్తో ఎలా తగ్గించను?

నీ చెల్లి