మెట్లెక్కే మాటలు

ప్రియమైన చిట్టికి,

మోకాలి ఆపరేషన్ అయి ఇల్లు చేరాను. దుప్పటి తీసి కొత్త మోకాలు చూసుకుని నిర్ఘాంతపోయాను. పాత వంకర పోయింది గానీ వంగడం లేదు. రోజూ మెట్లెక్కి దిగకపోతే బిగుసుకుపోతుందని, మళ్ళీ ఆస్పత్రిలో పడాల్సి వస్తుందని ఫిజియోథెరపీ అమ్మాయి బెదిరించింది. ఆ నొప్పి నా వల్ల కాదు, కుంటుతూనే గడిపేస్తానని చెప్పేశాను.

ఇంట్లో సంగతి నీకు తెలిసిందే. గడియారాల కొట్టు మూసేయమన్నాడని మీ బావ అబ్బాయితో మాట్లాడటం మానేశారు. కింద కొట్లో ఈయన, పైగదిలో వాడు, మధ్యన కబుర్లు మోయడానికి నేను. పాత మోకాలు అరిగింది అందుకే. నా ఆపరేషన్‌తోనైనా కలుస్తారనుకుంటే, ఇప్పటికీ ఎడమొహం పెడమొహమే.

నీ అక్క

అక్కా,

మూల కూర్చుంటే ఎలా? నువ్వు మెట్లెక్కి కబుర్లు చెప్పకపోతే వాళ్ళకి రోజు గడవదు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. కర్ర మాత్రం వదలకు.

నిన్ను తిట్టే హక్కున్న చెల్లి

చిట్టీ,

వీళ్ళతో తల ప్రాణం తోకకొస్తోంది. పైన కుర్చీ ఎందుకు లాగుతున్నాడని మీ బావ కబురు. కుర్చీ ఉన్నది లాగడానికేనని వాడి జవాబు. మునుపెప్పుడూ ఇన్ని మాటలు లేవు. మనిషి ఈ మెట్లెక్కి దిగుతూ ఇంత బాధపడుతుంటే కాస్తయినా జాలి ఉండొద్దా? నేను పోతే ఈ ఇద్దరూ ఏమైపోతారోనని ఏడుపొస్తోంది.

మీ అక్క

చెల్లీ,

మధ్యాహ్నం పైన దుప్పట్లు మడతపెట్టి కిందికి వచ్చేసరికి కొట్లోంచి నవ్వులు వినిపించాయి. తండ్రీ కొడుకులు ఒకే బల్ల దగ్గర, ఒకే గడియారం మీద వంగి ఉన్నారు.

"రేపు అమ్మతో ఏం కబురు పంపుదాం నాన్నా?" అంటున్నాడు వాడు.

నన్ను చూసి ఇద్దరూ దొంగల్లా లేచి నిలబడ్డారు. ఆపరేషన్ గది బయట కూర్చున్నప్పుడే కలిసిపోయారట. నేను నా కోసం మెట్లెక్కనని, వాళ్ళ కోసమైతే ఎక్కుతానని, పంతం నటించమని సలహా ఇచ్చింది నువ్వేనట. నా కర్ర చప్పుడు వినగానే ఎవరి చోటికి వాళ్ళు పోయేవారట. నేను ఏడ్చుకుంటూ మోసినవన్నీ ఉత్తుత్తి మాటలా? కోపమొచ్చింది, సంతోషమూ వేసింది, ఏది ముందో తెలియలేదు.

ఇద్దరినీ దులిపేద్దామని నోరు తెరిచేలోపు అబ్బాయి తెల్లబోయి నా చేతుల వంక చూశాడు.

"అమ్మా, నీ కర్రేది?"

చూసుకున్నాను. రెండు చేతుల నిండా దుప్పట్లు. కర్ర పైనే మంచానికి ఆనించి ఉంది. తెమ్మని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

నిన్ను ఇప్పట్లో క్షమించని
నీ అక్క