గైడు పేరు కొట్టేసిన రోజు

అక్కా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. ఇది నీకు అందదని తెలిసినా, నువ్వుంటే మొదట అడిగే సంగతి గనుక రాస్తున్నాను. నీ గైడు తన పేరుతో అచ్చేసుకున్న నీ పరిశోధన వ్యాసాన్ని పత్రిక వాళ్లు రద్దు చేశారు. పొద్దున ఉత్తరం వచ్చింది.

ఆ మధ్య యూనివర్సిటీలో ఆయన ఆ వ్యాసం మీదే ప్రసంగించాడు. కళ్యాణదుర్గం పల్లెల్లో ఎండిన బోర్లన్నిటి దగ్గరికీ నిన్ను తిప్పిన గొర్రెల హనుమన్నను వెంటబెట్టుకుని నేనూ వెళ్లాను. ప్రసంగం ముగిశాక హనుమన్న లేచాడు.

"ఏమప్పా, నువ్వు మా ఊరికి ఎప్పుడొచ్చినావు? బోర్లలోకి తాడేసి లోతు రాసుకునింది ఈ పాప వాళ్లక్క కదా."

నేను నీ నోటు పుస్తకాలు తీసుకెళ్లి అందరూ చూస్తుండగా ఆయన ముందు పెట్టాను. అదే రోజు ఫిర్యాదు రాసి, వాటి నకళ్లు పత్రికకూ పంపాను.

మరునాడు ఆయన ఫోన్ చేశాడు. "మీ అక్క పేరు కూడా చేరుస్తానమ్మా. ఫిర్యాదు వెనక్కి తీసుకో."

"కూడా ఏంది సార్? రాసింది మా అక్క. నీ పేరు తీసేయాల," అన్నాను.

ఆయన ఏడ్చాడు. చివరిదాకా విని ఫోన్ పెట్టేశాను.

వ్యాసమే రద్దయింది కాబట్టి ఇప్పుడు నీ పేరూ ఎక్కడా లేదు. ఆయన మాట విని ఉంటే రెండో పేరుగానైనా ఉండేది. నువ్వైతే ఒప్పుకునేదానివే. నేను ఒప్పుకోలేదు, మళ్లీ అడిగినా ఒప్పుకోను.

ఈ మధ్యాహ్నం, ఏడాది తర్వాత, కడుపునిండా అన్నం తిన్నాను.