సంచి వదలకు

తమ్ముడు తయ్యిబ్‌కు, కంటి వైద్యానికి కైరో వచ్చిన అన్న ఇద్రీస్ రాయునది.

ప్రతివాణ్ణీ దొంగనుకుంటానని పదేళ్లుగా నా గురించి ఊరంతా చాటుతున్నావు. నేను మరవలేదు. ఇక్కడ దిగగానే ఇద్దరు దళారులు నన్ను అత్తరు దుకాణాలు తిప్పి ఒలిచేశారు. తర్వాత వహీబ్ అనే తోలు వర్తకుడు నా సంచి అందుకోబోతే దొంగా అని అరిచాను. "సంచి నువ్వే మోసుకో పెద్దాయనా, ఆకలి మాత్రం మా ఇంటికి తీసుకురా" అన్నాడు. వాళ్లమ్మ తన మంచం నాకిచ్చి నేల మీద పడుకుంది. తప్పయిందనడానికి నాకు నోరు రాలేదు.

వచ్చే నెల పదిహేనున అతను తోళ్లు కొనడానికి మన ఊరు ఫెజ్‌కు వస్తున్నాడు. మన బస్టాండు దళారుల సంగతి నీకు తెలుసు. నువ్వే ముందు వెళ్లి అతని సంచి పట్టుకో. దొంగా అని తిట్టినా వదలకు.

గాడిద కాలు మానిందా? పిల్లలకు దీవెనలు. వెళతావో లేదో ఒకటో తేదీలోగా రాయి.