తీగకు జర వంపు

హైదరాబాదు,
4 జూన్ 1964

పెద్దబాపుకు రఘుపతి దండాలు.

మా రేడియో పరిశోధన ఆఫీసులో పనికి మేలిమి బంగారు తీగ ఒక కండె కావాలి. వెంట్రుక కన్నా సన్నగా ఉండాలి. అంత సన్నం నీ చేతికే వస్తుంది. ఎందుకని అడగొద్దు, ఎవరికీ చెప్పొద్దు. మా పెద్దసారు ఒట్టు వేయించుకున్నాడు.

నీ రఘుపతి

పానగల్లు,
9 జూన్

చిరంజీవి రఘుపతిని దీవించి పెద్దబాపు గుర్వాచారి రాసేది.

రేడియోకు బంగారమా? అబద్ధమాడినా అతికేటట్టు ఆడాలె కొడుకా! పద్నాలుగు క్యారెట్లకు మించి నగలు చెయ్యొద్దని సర్కారు కానూన్ వచ్చినంక మన అవుసలి కుంపటి చల్లబడ్డది. ఏడాదిన్నర సంది పనిలేదు. కూసోని అన్నం తినాలంటే సిగ్గయితాంది. అయినా తీగ గుంజి పంపుతున్న. కాని కొలత లేకుంట మనింట్ల బంగారం ముట్టం. పిల్ల ఎవరు? ముక్కుకా, చెవికా?

నీ మంచి కోరే పెద్దబాపు

తా.క.: మీ పెద్దమ్మ సాలమ్మ అప్పుడే పెండ్లి బియ్యం ఏరుతాంది.

హైదరాబాదు,
15 జూన్

పెద్దబాపూ, నమస్కారాలు.

పిల్లా లేదు, పెండ్లీ లేదు! కొలత అంటావా, తీగ కట్టే చోటు బియ్యపు గింజలో సగం. వేడెక్కితే ఉబ్బుతుంది, తీగ తెగుతుంది. మూడుసార్లు తెగింది. నాలుగోసారి తెగితే పని మూసేస్తామన్నారు. రెండేండ్లుగా దీని మీదే బతుకుతున్నాను. భయంగా ఉంది.

రఘుపతి

తా.క.: ఎవరికీ చెప్పలేదు కదా?

పానగల్లు,
20 జూన్

రఘుపతీ, నూరేండ్లు బతుకు.

గంత చిన్న చెవి పెద్దోళ్లకు ఉండది. అంటే పెండ్లే కాదు, పసిబిడ్డ గూడ అయినాదన్నట్టు! దాచినందుకు తిట్టుడు తర్వాత, ముందుగాల బిడ్డను చూడు. జరమొచ్చి చెవి వాస్తే, బిగ్గ కట్టిన తీగ తెగక ఏంజేస్తది? తప్పు బిడ్డది కాదు, తీగది కాదు, గుంజి కట్టినోనిది. నలభై ఏండ్ల సంది ఊరి పిల్లలకు చెవులు కుడుతున్న. నడుమ జర వంపు విడిచిపెడితే వాపొచ్చినా ఆగుతది. మనుషులైనా గంతే కొడుకా.

పెద్దబాపు

తా.క.: సాలమ్మ కుల్లాయి కుట్టి పంపుతాంది. మగబిడ్డా, ఆడబిడ్డా?

హైదరాబాదు,
12 జూలై

పెద్దబాపూ, నీ కాళ్లకు మొక్కుతున్నాను.

వంపు పెట్టాం. వందసార్లు వేడి చేశాం, చల్లార్చాం. తెగలేదు! పేటెంటు దరఖాస్తు పోయింది కాబట్టి ఇప్పుడు చెప్పొచ్చు. అది బిడ్డ కాదు, సిలికాన్ అనే రాయిలాంటి ముక్క. రేడియోలో విడివిడిగా పెట్టే మూడు ట్రాన్సిస్టర్లను ఆ ఒక్క ముక్కలోనే అమర్చాం. దాన్ని బయటికి కలిపేది నీ తీగ. కనిపెట్టినవాళ్ల కాయితంలో నీ పేరూ ఉంది. 'చదువు' అన్న గడిలో ఏం రాయమంటావు?

నీ రఘుపతి

తా.క.: కుల్లాయిని ఆ ముక్క ఉన్న పెట్టెకు తొడిగాం. పెద్దసారు తీయనివ్వడం లేదు.

పానగల్లు,
20 జూలై

కొడుకా, సల్లగుండు.

'చెవులు కుట్టుడు' అని రాయి. ఈ చేతులు ఇంకా పనికొస్తయని తెల్సినంక కడుపునిండ అన్నం తిన్న.

పెద్దబాపు

తా.క.: బంగారం యాడిదని నువ్వు అడుగలే, నేను చెప్పలే. మీ పెద్దమ్మ ముక్కుపుడక కరిగించిన. ముందుగాల కోడలికని, ఎనుక మనుమరాలికని మురిసింది. రేడియోల పడ్డదని చెప్పంగనే ఏరిన పెండ్లి బియ్యం తెచ్చి ఎసట్ల పోసింది. నిన్న పక్కింట్ల రేడియో పాడుతుంటే పోయి దాని ముందల కూసున్నది. ఒట్టి ముక్కు తడుముకుంట, "జర గట్టిగ పెట్టు హనీఫా, మాదే పాడుతాంది" అన్నది.