దండ వేసిన హెడ్‌లైటు

మెదక్,
నవంబరు 5, 2024

కౌడిపల్లి లలితమ్మ గారికి,

నమస్కారం. నా పేరు రఘుపతి. డ్రాయింగు టీచరుగా పనిచేసి మూడేళ్ల కింద రిటైరయ్యాను. మనకు పరిచయం లేదు. ఫోన్ చేద్దామంటే మీకు వినపడదని, ఉత్తరమైతే చదువుకుంటారని షారూఖ్ చెప్పాడు. షారూఖ్ అంటే పాత ఇనుప సామాను కొనే మనిషి. పోయిన వారం మీ ఇంటికి వచ్చాడు కదా, అతనే.

మీ గోడకు పాత జావా మోటారు సైకిల్ హెడ్‌లైటు వేలాడుతోందని, దానికి బొట్టు పెట్టి దండ వేసి ఉందని అతను చెప్పాడు. మీ వారు ఎల్లం గారు పశువుల దవాఖానలో కాంపౌండరుగా ఆ బండి మీదే ఊళ్లు తిరిగేవారట. దండ అనగానే నాకు విషయం అర్థమైంది. వివరాలు అడగడం మర్యాద కాదని అడగలేదు. మీ ఇంటి పరిస్థితి తలచుకుంటే చాలా బాధగా ఉంది. ధైర్యంగా ఉండండి.

ఇలాంటి సమయంలో అడగకూడదు గాని, అడగక తప్పడం లేదు. 1969 నాటి జావాను మా ముందర గదిలో మూడేళ్లుగా నా చేతులతో తిరిగి తయారు చేస్తున్నాను. అన్నీ అయ్యాయి, హెడ్‌లైటు ఒక్కటే దొరకడం లేదు. అసలైన దీపం లేకుండా బండిని గడప దాటించకూడదని నా పట్టుదల. మా ఆవిడ దేవిక పట్టుదల వేరు. ఆ గదిలో కుట్టు క్లాసు పెట్టాలని ఆమె ఎదురుచూస్తోంది. "శివరాత్రి దాంక చూస్త. అప్పటికి బండి బయటికి పోకపోతే షారూఖ్ తోపుడుబండ్ల ఎక్కిస్త" అంది. ఆమె అన్నంత పనీ చేస్తుంది. కాబట్టి దయచేసి ఆ దీపం నాకు ఇప్పించండి.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి,
రఘుపతి

తా.క.: పైన ఒక వాక్యం రాసి కొట్టేశాను. దయచేసి దాన్ని చదవకండి.

కౌడిపల్లి,
నవంబరు 12

మెదక్ రఘుపతి సారుకు కౌడిపల్లి లలితమ్మ నమస్తె పెట్టి రాసేది.

నాకు పుస్తకాల భాష రాదు, మాట్లాడినట్టే రాస్త. పన్నెండేండ్లప్పుడు జరమొచ్చి చెవులు పోయినయి. అప్పటిసంది కాయితమే నాకు ఫోను. మీ అక్షరాలు మస్తు గుండ్రంగ ఉన్నయి.

మా ఇంటి పరిస్థితి గురించి బాధపడ్డరు, మీది మంచి మనసు. వానకాలం రేకులు కారుతయి, నిజమే. గిన్నెలు పెట్టుకుంటున్నం. ఎండలు ముదిరినంక కొత్త రేకులు వేయిస్తం. దానికి మీరంత పరేషాన్ కావద్దు.

దీపం ముచ్చట. ఇయ్యనని అనను. కని అది యాడికి పోతదో, యాడ కూసుంటదో నాకు తెల్వాలె. దాని వెనక నుంచి ఆరు తీగలు వేలాడుతున్నయి. ఏ తీగ దేనికి పోతది? బొమ్మ గీసి పంపుండ్రి. మీరు డ్రాయింగు సారు గద.

మీ మంచి కోరే,
లలితమ్మ

తా.క.: కొట్టేసిన వాక్యం కిటికీ కాడ వెలుగుకు పెట్టి చదివిన. "దీపం లేని బండి బొట్టు లేని ముఖం లాంటిది" అని ఉన్నది. మంచిగనే రాసినరు. ఎందుకు కొట్టేసినరో సమజ్ కాలే.

మెదక్,
నవంబరు 16

సోదరి లలితమ్మ గారికి,

మీ ఉత్తరం అందింది. అంత దుఃఖంలో ఉండి రేకుల గురించి రాశారు. ఉత్తరాలు పోస్టు చేసే ముందు, వచ్చిన తర్వాత, ఇంట్లో పైకి చదవడం నాకు అలవాటు. దేవిక మిషన్ తొక్కడం ఆపి ఆ రేకుల భాగం మళ్లీ చదివించుకుంది. "పాపం, మనసుల ఉన్నది చెప్పుకోలేక రేకుల మీద పెట్టింది" అంది.

ఇక తీగలు. మీరు అడిగినందుకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఈ మూడేళ్లలో నన్ను ఎవరూ ఒక్క తీగ గురించి కూడా అడగలేదు. రంగు పెన్సిళ్లతో నాలుగు పేజీల బొమ్మ జత చేస్తున్నాను. మీకు అర్థం కాకపోయినా చూడడానికి బాగుంటుంది. అసలు జావాలో ఇంకో వింత ఉంది. బండిని లేపడానికి కిక్కు కొట్టే రాడ్డే, తర్వాత ముందుకు తిప్పితే గేరు రాడ్డవుతుంది. ఒకే రాడ్డుకు రెండు ఉద్యోగాలు. ఇవన్నీ మీకు అనవసరం, సంతోషం కొద్దీ రాస్తున్నాను.

దీపాన్ని మెత్తటి బట్టలో చుట్టి బస్సులో పంపితే చాలు.

ఇట్లు,
మీ సోదర సమానుడు,
రఘుపతి

తా.క.: దండ తీసేయాల్సిన అవసరం లేదు. దండతోనే పంపినా తగిన గౌరవంతో అందుకుంటాను.

కౌడిపల్లి,
డిసెంబరు 2

రఘుపతి అన్నకు చెల్లె లలితమ్మ రాసేది.

బొమ్మ అందింది. అన్నం తిన్నంక మా ఆయన ముంగట కూసొని మీ ఉత్తరం మొత్తం చదివిన. నిమ్మళంగ విన్నడు, ఒక్క మాట గూడ అనలే. కండ్లు మూసుకొనే ఉన్నడు. గిప్పుడు రోజు గిదే పని అయింది నాకు. మీ ఉత్తరాలు చదివితే ఆయనకు మంచిగ అనిపిస్తది.

తీగల ముచ్చట సమజైంది. ఇంజను తిరిగితేనే దీపం వెలుగుతదని బొమ్మ కింద రాసినరు. మరి ఇంజను తిరగాలంటే పెట్రోలుల ఆయిల్ కలపాలె గద, ఎంత కలపాలె? కార్బొరేటరు లోపల ఎట్లుంటది? ఇవి తెల్వకుండ దీపం ఇస్తే నా మనసు ఒప్పదు. ముందుగాల దీపం చుట్టు ఉండే గుండ్రటి పట్టీ పంపుతున్న, నమ్మకానికి ఉంచుకోండ్రి.

ఉంట,
లలితమ్మ

తా.క.: మీ బొమ్మల ఎర్ర తీగ హారనుకు పోయింది. అది బ్యాటరీకి పోవాలె. జర చూసుకోండ్రి.

మెదక్,
డిసెంబరు 6

చెల్లెలు లలితమ్మకు,

పట్టీ అందింది. బండికి పెట్టి చూశాను. సరిగ్గా సరిపోయింది. దీపం లేకుండా పట్టీ ఒక్కటే ఉంటే ఏదో పెద్ద రంధ్రంలోంచి బండి నన్ను చూస్తున్నట్టుంది.

మీరు ఆయన ముందు కూర్చొని ఉత్తరాలు చదువుతున్నారని, ఆయన ఒక్క మాట కూడా అనలేదని రాసిన చోట ఉత్తరం మడిచి పెట్టబోయాను. తర్వాతి వాక్యం దేవికే తీసుకొని చదివింది. చదివి, కళ్లు తుడుచుకొని, "ఫొటోకు గూడ చదివి వినిపిస్తుందంటే చూడు. మొగుని దీపం ఆమె చెయ్యి విడువాలంటే టైం పడ్తది. తొందర పెట్టకు. నీ బండి ఉగాది దాంక ఉండనీ, నా క్లాసు తర్వాత చూసుకుంట" అంది. మూడేళ్లలో నా బండి పట్ల ఆమె చూపిన మొదటి దయ ఇది. అది మీ పుణ్యమే.

లీటరు పెట్రోలుకు నలభై మిల్లీలీటర్ల ఆయిల్. తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే వీధంతా పొగ. కార్బొరేటరు గురించి రాసి చెప్పడం కష్టం. నా దగ్గర రెండున్నాయి. ఒకటి పార్సిల్‌లో పంపుతున్నాను. చేతిలో పట్టుకొని చూడండి. ఆయన రోజూ తాకిన వస్తువు అలాంటిదే అని తెలిస్తే మీకు ఊరటగా ఉంటుంది. చూశాక తిరిగి పంపండి, తొందరేం లేదు.

ఇట్లు,
అన్న రఘుపతి

తా.క.: ఎర్ర తీగ విషయం. మీరు కాగితాన్ని తలకిందులుగా పట్టుకొని ఉంటారు. అయినా మార్చాను.

కౌడిపల్లి,
జనవరి 9, 2025

అన్నకు లలితమ్మ దండాలు.

కార్బొరేటరు మంచిగున్నది. లోపల పెట్రోలు వచ్చే సన్న జెట్టుల కచరా ఉండె, తీసి సాఫ్ చేసిన.

ఇంకొక్క ముచ్చట మిగిలింది. ఇంజను సరిగ్గ తిరిగితే సప్పుడు గిట్లుంటది, గట్లుంటది అని కార్బొరేటరు పెట్టెల రెండు పేజీలు రాసి పెట్టినరు. నాకు చెవుల్లేవు. చేతికి ఎట్ల తెలుస్తది? గది చెప్తే ఇగ నేనేం అడగ.

మా ఆయనకు మొన్న కండ్ల ఆపరేషన్ అయినకాడి నుంచి ఉత్తరాలు ఇంక ఇష్టంగ వింటున్నడు.

లలితమ్మ

తా.క.: పండుగకు చేసిన సకినాలు పార్సిల్ చేస్తున్న. ఆయన ఒక్కడే సగం తిన్నడు, మిగిలినయి మీకు.

మెదక్,
జనవరి 18

చెల్లెలికి,

సకినాలు అందాయి. ఉత్తరం చదివాక తినబుద్ధి కాలేదు. పోయినవారికి కళ్ల ఆపరేషన్ జరిగిందని, సకినాలు తిన్నారని రాసే స్థితికి వచ్చారంటే మనసు మీద చాలా భారం ఉన్నట్టే. దేవిక మాత్రం సకినాలు తిన్నది, ఏడుస్తూనే తిన్నది.

మీ ప్రశ్న నన్ను ఇబ్బంది పెట్టింది. బండిని చెవితోనే సరిచేశాను గాని చేతితో ఎప్పుడూ చూడలేదు. చెవుల్లో దూది పెట్టుకొని, గదిలోనే స్టాండు మీద ఇంజను నడిపి, ట్యాంకు మీద అరచేయి పెట్టాను. బాగా నడుస్తుంటే అదురు మోచేతి దాకా సమానంగా వస్తుంది. బాగా లేకపోతే వేళ్ల దగ్గరే ఆగి తడబడుతుంది. అది సరో కాదో రెండోవాళ్లను అడుగుదామని దేవికను కూడా చెయ్యి పెట్టమన్నాను. పెట్టి, చాలాసేపు తీయలేదు. "మూడేండ్లల గీ బండి మీద చెయ్యి పెట్టుమన్నది ఇదే మొదలు" అంది. దుమ్ము అంటుతుందని పెట్టమనలేదని చెప్పాను.

అమ్మా, ఇప్పుడైనా దీపం పంపండి. కార్బొరేటరు కూడా. ఉగాది దగ్గర పడుతోంది. దేవిక వచ్చే వారం మనోహరాబాద్‌లో చెల్లెలింటికి స్కూటీ మీద వెళ్తోంది. ఆమె వచ్చేలోపు దీపం బిగిస్తే నా పరువు దక్కుతుంది.

ఇట్లు,
అన్న రఘుపతి

తా.క.: మెదక్‌లో మనసుకు సంబంధించిన మంచి డాక్టరు ఉన్నారు. ఊరికే చెప్పాను.

కౌడిపల్లి,
ఫిబ్రవరి 1

రఘుపతి అన్నకు లలితమ్మ, ఎల్లం ఇద్దరు నమస్తె పెట్టి రాసేది.

ముందుగాల కూసోండ్రి.

దేవికమ్మ మనోహరాబాద్ పోలే. గురువారం స్కూటీ మీద సీదా మా ఇంటికొచ్చింది, చీర, పండ్లు పట్టుకొని. గడపల్నే నన్ను పట్టుకొని ఏడ్చింది. ఏడుస్తుంటే ఆమె పెదవులు సదువరాలే, మీకే ఏమన్న అయిందనుకొని నేను గూడ ఏడ్చిన. ఇద్దరం మంచిగ ఏడుస్తున్నం, మా ఆయన లోపల్నుంచి వచ్చి చాయ పెట్టుమని సైగ చేసిండు. దేవికమ్మ ఆయన్ను చూసి నేల మీద కూలబడ్డది. పండ్లల్ల నుంచి ఒక సేబు తీసుకొని తిన్నడు ఆయన. తింటే గాని ఆమెకు నమ్మకం కాలే.

తర్వాత కాయితం మీద రాసి అడిగింది, మరి దండ ఎందుకని. అన్నా, నాది బోరు మోటార్ల వైండింగు పని. ఇంట్లనే చేస్త, ఇరవై ఏండ్లయింది. దసరాకు పానా, పట్టుకారు, వైండింగు మిషన్, అన్నిటికి బొట్టు పెట్టి దండ వేస్తం. మీరు వేయరా? గోడకున్న దీపానికి గూడ వేసిన. ఎండినంక తీయకపోవుడు నా బద్ధకం. దానికి మీరు మా ఆయన్ను మూడు నెల్లు చంపుతరని నాకేం ఎరుక. మీ ఉత్తరాలు చదువుతుంటె ఆయన నిమ్మళంగ విన్నడని రాసిన గద, నిద్రపోయేటోడు.

ఇంకొకటి చెప్పాలె, కోపం చేయకుండ్రి. వెనక రేకుల షెడ్డుల మా జావా విప్పి పడేసి పదకొండేండ్లు. మోటార్లు నాకు తెలుసు, మోటారు సైకిల్ తెల్వదు. చెప్పేటోడు లేక ఆగిపోయిన. మీ ఉత్తరం రాంగనే దేవుడు పంపినట్టనిపించింది. మీరు రాసింది రాసినట్టు బిగించిన, ఎర్ర తీగ ఒక్కటి తప్ప. మీ కార్బొరేటరు దాని మీదనే ఉన్నది. స్టాండు మీద మా ఆయన కిక్కు కొట్టిండు, సరిగ్గ నడుస్తుంది, అరచెయ్యి పెట్టి చూసిన, అదురు మోచేతి దాంక వచ్చింది.

కని నా మోకాళ్లు కిక్కు కొట్టనిస్తలేవు. మా ఆయనకు కొత్త కండ్లతోని రోడ్డు మరీ సాఫ్‌గ కనవడి భయమైతుంది. బండి తయారై నిలవడ్డది, ఎక్కేటోళ్లు లేరు. ఏం చేయాల్నో తెల్వక మస్తు బాధ ఉండె నాకు.

దేవికమ్మ దాని చుట్టు రెండుసార్లు తిరిగింది. ఆయిల్ నలభై పోసినవా అని వేళ్లతోని అడిగింది. పెట్రోలు తిప్పింది, మూడో కిక్కుకు లేపింది, గదే రాడ్డు ముందుకు తిప్పి గేరు వేసింది. మీరు ఉత్తరాలు పైకి చదివినప్పుడు ఆమె మిషన్ తొక్కుకుంట అన్ని విన్నదట. బస్టాండు దాంక పోయి వచ్చింది. దిగినప్పుడు ముఖం నవ్వుతుంది. నేను అట్ల నవ్విన మనిషిని చూసి చానా రోజులైంది.

ఆమె స్కూటీ నేను ఎక్కి చూసిన. బటన్ నొక్కితే స్టార్టయితది, మోకాళ్లకు పని లేదు. ఇద్దరం మార్చుకున్నం. కాయితాల పని గూడ ఇద్దరమే పోయి చేసుకుంటం.

దీపం ఇస్తనని మాటిచ్చిన గద, పంపుతున్న. దాని వెనక మొత్తం బండి ఉన్నది, బండి మీద మీ ఇంటామె ఉన్నది. ఆదివారం పొద్దుగాల వస్తది. ముందర గది కుట్టు క్లాసుకు వద్దట, ఆమె బండి పెట్టుకుంటదట. మీ బండి సంగతి అడిగిన. "షారూఖ్‌కు ఇయ్య. కని దీపం కావాల్నంటే ఆయన నన్ను అడగాలె" అన్నది.

మీ చెల్లె,
లలితమ్మ

తా.క.: శివరాత్రికి ఏడుపాయల జాతరకు పోతున్నం. మా ఆయన నా వెనక స్కూటీ మీద వస్తడు. దేవికమ్మ వెనక సీటు ఖాళీగనే ఉన్నది. ఆమెను ఇప్పటిసందే మంచిగ చూసుకోండ్రి.