నూటికీ నూటయాభైకీ మధ్య

ఫిబ్రవరి 3, సోమవారం

మళ్ళీ ఆ గిఫు ఊరి బోల్టుల కంపెనీ ఫోన్. మా జపాన్‌లో సంతకానికి బదులు కాగితాల మీద వేసే పేరు ముద్రలు కంప్యూటర్లోనే వేసుకునే సాఫ్ట్‌వేర్ మాది. వాళ్ళ డైరెక్టర్ ఒగిసు గారికి రెండు స్క్రీన్లు. లాప్‌టాప్ స్కేలింగ్, అంటే అక్షరాలూ బొమ్మలూ ఎంత పెద్దగా కనపడాలన్న కొలత, నూటయాభై శాతం, పక్కనున్న పాత మానిటర్‌ది నూరు. విండోని ఒకదాన్నుంచి ఇంకోదానికి లాగితే చాలు, ఉబ్బిపోతుంది. అంతటితో పోతే బాగుండేది. వరస గడుల్లో కింది ఉద్యోగుల ముద్రలు ఎడమకి వంచి వేయడం ఆనవాయితీ కదా, పక్క గడిలోని పై అధికారి ముద్రకి నమస్కారం పెడుతున్నట్టు. అవి గడి దాటిపోయి సరిగ్గా ఆయన ముద్ర నెత్తినెక్కుతున్నాయి. మా గుమస్తా నన్ను తొక్కుతున్నాడేంటండీ అని అరిచారట.

సెక్షన్ హెడ్ కురుమా గారు నన్నూ తొమినాగానీ పిలిచారు. ఇద్దరం కాంట్రాక్టు వాళ్ళమే. ఏప్రిల్ నుంచి ఒక్క కుర్చీకే బడ్జెట్ ఉందమ్మా, ఇసొగాయి గారూ, ఈ బగ్ మీరు చూడండి అన్నారు నావైపు తిరిగి. బెదిరింపు కూడా ఎంత మర్యాదగానో!

ఫిబ్రవరి 5

నా దగ్గర ఆ బగ్ రావడం లేదు. ఆఫీసులో స్క్రీన్లన్నీ నూరే అయితే ఎలా వస్తుంది, నా మొహం! తొమినాగా నూటయాభై శాతం ఉన్న తన సొంత లాప్‌టాప్ తెచ్చి నా మానిటర్ పక్కన పెట్టింది. నీ కుర్చీ నేను లాక్కోవాలన్నా ముందు నీకు బగ్ కనపడాలి కదే అని నవ్వింది.

విండోని లాగాను. సగం అటు, సగం ఇటు ఉండగా మొదలైంది. అటు కొలతకి పెరుగుతుంది. పెరిగేసరికి ఎక్కువ భాగం ఇటు పడుతుంది. ఇటు కొలతకి తగ్గుతుంది. మళ్ళీ అటు. గిలగిలా కొట్టుకుంటోంది పాపం. చూడలేక మౌస్ వదిలేశాను.

ఫిబ్రవరి 12

ఇవాళ కూడా అంతే.

ఫిబ్రవరి 18, సాయంత్రం ఆరు

అయిపోయింది! సరిహద్దు దాటాక ఒక్కసారే కొలత మారేట్టు చేశాను. ఉబ్బడం లేదు, కొట్టుకోవడం లేదు. ముద్రలు గడి దాటడం లేదు. కురుమా గారు వెంటనే పంపించేయమన్నారు. తొమినాగా భలే చేశావే అంది. ఆమె మొహం చూడలేకపోయాను.

ఫిబ్రవరి 20

నేను చచ్చిపోతే బాగుండు.

కొలతలన్నీ మొదటికి తెచ్చే చోట వంపు కూడా సున్నా చేసేశానట. ఆ కంపెనీలో అందరి ముద్రలూ డైరెక్టర్ ముందు నిటారుగా నిలబడ్డాయి. చూసుకోలేదు. పదే పదే కొలతే చూశాను, వంపు చూడలేదు.

కురుమా గారు క్షమాపణకని మిఠాయి పెట్టె కొని, నన్ను వెంటేసుకుని గిఫు వెళ్ళారు. ఒగిసు గారు నావైపు చూడనైనా లేదు. మీ వాళ్ళకి నడుములు వంగవా కురుమా గారూ అని అడిగారు. ఈ అమ్మాయి పొరపాటండీ అన్నారు కురుమా గారు. వంగాను. నుదురు బల్లకి తగిలేదాకా వంగాను. ఎవరూ లేవమనలేదు.

ఫిబ్రవరి 27

తొమినాగా నా మార్పులన్నీ తీసేసింది. కురుమా గారు చెప్తే చేసింది, ఆమె తప్పేం లేదు. ముద్రలు మళ్ళీ వంగాయి. విండో మళ్ళీ ఉబ్బుతోంది. ఉబ్బితే ఉబ్బనీ, మర్యాద ముఖ్యం అన్నారు కురుమా గారు. కుర్చీ ఆమెకే. ఏమీ అనుకోకే అంది. అయ్యో, నేనేమనుకుంటాను అన్నాను. బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

మార్చి 31

ఒగిసు గారు పాత మానిటర్ తీసేయించారట. ఇప్పుడు ఏ ఇబ్బందీ లేదట. బగ్ పరిష్కారమైందని కురుమా గారు రాసేశారు.

ఇవాళే నా ఆఖరి రోజు. వెళ్ళేముందు చూశాను, నా మానిటర్ తొమినాగా టేబుల్ మీదికి చేర్చారు. ఆమెకిప్పుడు రెండు స్క్రీన్లు.